అదే పన్ను

కాశీరావు కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు నోరు తెరవమన్నాడు. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

ఆ కుర్చీ దాకా రావడానికి రెండేళ్ళు పట్టింది. దివిసీమలో సముద్రపు ఒడ్డున ఉన్న వాళ్ళ రేవులో ఒక సాయంత్రం అన్నదమ్ములు కొట్టుకున్నారు. తూర్పుగాలి వీస్తున్న రోజది. పడవ దించాలా వద్దా అన్న దగ్గర మాట పెరిగింది. వద్దన్నవాడు అన్న పెద్దబ్బాయి. దించాలన్నవాడు తమ్ముడు కాశీరావు. పెద్దబ్బాయి తెడ్డు ఎత్తాడు. జనం పరిగెత్తుకొచ్చేసరికి కాశీరావు ఇసకలో కూర్చుని ఉన్నాడు. ముందు పన్ను సగం లేదు. కులపెద్ద కొండలయ్య అక్కడికక్కడే తీర్పు చెప్పాడు: తమ్ముడి గాయం మానేదాకా అన్న పడవెక్కకూడదు.

ఆ ఊళ్ళో చెయ్యి చేసుకున్నవాడికి ఎప్పుడూ అదే తీర్పు. తల పగిలితే పుండు ఎండేదాకా, చెయ్యి విరిగితే కట్టు విప్పేదాకా కొట్టినవాడు ఒడ్డున కూర్చోవాలి. కులపెద్ద వెళ్ళి కళ్ళతో చూసి 'మానింది' అనాలి. ఆ మాట పడ్డాక ఇక దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. పన్ను మానదన్న సంగతి ఆ సాయంత్రం ఎవరికీ తట్టలేదు. తట్టేసరికి కొండలయ్య సముద్రపు నీళ్ళు దోసిట్లో పట్టి మాట అనేశాడు. అలా అన్న మాటను వెనక్కి తీసుకునే పద్ధతి ఆ ఊళ్ళో లేదు.

పెద్దబ్బాయి హనుమాన్ జంక్షన్ వెళ్ళి లారీలకి బస్తాలెత్తే పనిలో చేరాడు. చుక్కాని కాశీరావు చేతికి వచ్చింది. పెద్దబ్బాయి భార్య గంగారత్నం ఊళ్ళోనే ఉండి చేపలు ఎండబెట్టి గన్నవరం తీసుకెళ్ళి అమ్ముకుంటోంది. మొదటి ఏడాది ఆమె మరిదిని బందరు తీసుకెళ్ళింది. అక్కడి పళ్ళ వైద్యుడు విరిగిన పన్ను పీకేసి కట్టుడు పన్ను పెడతానన్నాడు. కొండలయ్య ఒప్పుకోలేదు. పీకి పెట్టింది వేరే పన్ను అవుతుంది, పాత గాయం మానినట్టు ఎలా అవుతుంది అన్నాడు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డాక్టరు పన్ను పీకకుండా, అరగదీయకుండా, విరిగిన ముక్క మేరకే కట్టి పాత పన్నునే నిండుగా చేస్తున్నాడని గన్నవరంలో ఆమె దగ్గర చేపలు కొనే వెంకటరత్నమ్మ చెప్పింది. తన కళ్ళతో చూస్తే తప్ప ఏమీ చెప్పనని కొండలయ్య కూడా బస్సెక్కాడు.

గది రెండో అంతస్తులో ఉంది. కింద సైకిలు షాపు. డాక్టరు పేరు రామకోటేశ్వరరావు. నలభై దాటలేదు. బొంబాయిలో చదువుకుని వచ్చాడు. చేతిలో అద్దం పట్టుకుని పని మొదలుపెట్టబోతుంటే కొండలయ్య అడ్డం వచ్చి అడిగాడు.

"ఒక్క మాట చెప్పండి బాబూ. మీరు చేశాక అది అదే పన్నా, కొత్త పన్నా?"

డాక్టరుకి ఈ ప్రశ్న ఇంతకుముందు ఎవరూ వేయలేదు. కాస్త ఆలోచించి చెప్పాడు. పన్ను వేరు అదే, ఉన్న సగమూ అదే. దానికి ఒక మందు రాసి పైభాగం గరుకు చేస్తారు. ఆ గరుకు పట్టుకుని కొత్త ముక్క నిలబడుతుంది. మామూలుగా ఇలాంటి పన్నుని చుట్టూ అరగదీసి మేకులా చేసి పైన తొడుగు వేస్తారు. తను అలా చేయడు. బాగున్న పన్నులో గోరంత కూడా తియ్యడు.

"మోకు తెగితే ముడేసినట్టా?" అన్నాడు కొండలయ్య.

"ముడి కనపడదు."

కొండలయ్య తల ఊపి గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. గంగారత్నం నిలబడే ఉంది.

డాక్టరు విరిగిన పన్నుని అద్దంలో చూశాడు. పక్క పన్ను చూశాడు. కింది పళ్ళు చూశాడు. సన్నటి ఇనప పుల్లతో విరిగిన అంచు వెంట తడిమాడు. తరవాత కాశీరావుని అడిగాడు, వల అల్లుతావా అని. అల్లుతానన్నాడు. దారం దేంతో తెంపుతావని అడిగాడు. కాశీరావు నాలుకతో పన్ను తడుముకున్నాడు. రేవులో అందరూ తెంపేది పళ్ళతోనే. ముడి వేయడం, కొరకడం, మళ్ళీ ముడి వేయడం. నూలు దారం రోజుల్లో పళ్ళకి ఏమీ కాలేదు. నైలాన్ వచ్చాక కూడా ఎవరూ అలవాటు మానలేదు.

"నేను కట్టింది నిలబడాలంటే నువ్వు దారం కొరకడం మానాలి," అన్నాడు డాక్టరు. "ఈ పన్ను పోయింది దానివల్లే. పక్క పన్ను అంచుకి గాడి ఉంది చూడు, వేలు పెడితే తెలుస్తుంది. దీనికీ అదే గాడి. పన్ను గాడి దగ్గరే చీలి లోపలివైపుకి పోయింది."

గంగారత్నం అంది, "కాదు బాబుగారూ. అది దెబ్బకి విరిగింది. తెడ్డు దెబ్బ."

డాక్టరు కాశీరావు పైపెదవి బొటనవేలితో ఎత్తి లోపల చూశాడు.

"పన్ను విరిగేంత దెబ్బ మూతి మీద పడితే పెదవి పళ్ళకీ తెడ్డుకీ మధ్య నలుగుతుందమ్మా. చీలుతుంది. మచ్చ ఉండిపోతుంది. ఇక్కడ మచ్చ లేదు. విరిగేటప్పుడు నేను పక్కన లేననుకో. కనపడేది చెబుతున్నాను."

అలా చెప్పి అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చెప్పిన మాట బరువు అతనికి తెలియదు. రోగికి జాగ్రత్త చెప్పాననుకున్నాడు, అంతే.

గంగారత్నం కొండలయ్య వైపు చూసింది. కొండలయ్య కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. ఆమె మరిది వైపు చూసింది. ఈలోపు డాక్టరు వచ్చాడు. నర్సు తెరేసమ్మ కాశీరావు పెదవి కింద, దవడ పక్కన దూది చుట్టలు కుక్కింది. డాక్టరు పన్నుని రుద్ది కడిగి, గాలి ఊది ఆరబెట్టి, కుంచెతో ఆసిడ్ రాశాడు. ఒక నిమిషం ఉంచాలన్నాడు. ఉమ్మి తగిలితే మళ్ళీ మొదటికొస్తుందని, మాట్లాడొద్దని, నాలుక కదపొద్దని చెప్పాడు.

కాశీరావు నోరు తెరుచుకుని కప్పు వైపు చూస్తూ ఉన్నాడు. గంగారత్నం కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"కాశీ," అంది. "మాట్లాడొద్దులే. అవునైతే కళ్ళు మూసుకో. ఆ పన్ను మీ అన్న కొట్టకముందే విరిగిందా?"

కాశీరావు కప్పు వైపే చూశాడు. తరవాత కళ్ళు మూసుకున్నాడు. మూసినవి తెరవలేదు.

తెరేసమ్మకి ఏమీ అర్థం కాలేదు. మందు మండుతోందేమో అనుకుని, మండుతోందా అని అడిగింది. డాక్టరు చేతిలో నీళ్ళ గొట్టం పట్టుకుని గంగారత్నాన్ని పక్కకి జరగమన్నాడు. ఆమె జరగలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

కాశీరావు తల పక్కకి తిప్పి దూది చుట్టలు చేతిలోకి ఉమ్మేశాడు. ఆసిడ్ పులుపుకి మొహం ముడుచుకున్నాడు. డాక్టరు చేతిలోది పళ్ళెంలో పెట్టేశాడు. తెరేసమ్మ నీళ్ళ గ్లాసు అందించింది. కాశీరావు పుక్కిలించి ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు.

"నన్నెవరూ అడగలేదు వదినా. అన్న కొట్టిన మాట నిజం. భుజం మీద పడింది. పన్ను ఆ మధ్యాహ్నమే విరిగింది, అప్పటికి ఇంకా ఎవరూ చూడలేదు. నేను నోరు తెరిస్తే అందరూ పన్ను చూశారు. పెద్దయ్య నీళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. ఇక నేనేం చెప్పను?"

"రెండేళ్ళు నోరు మూసుకుని అన్న పడవ నడుపుకున్నావు."

"అన్నని అడుగు," అన్నాడు కాశీరావు.

"మీ అన్ననేం అడగను? బస్తాలు మోస్తున్నాడు. వీపు చూస్తావా, ఎలా ఉందో?"

డాక్టరు గడియారం చూసుకుని, బయట ఇంకా ముగ్గురు ఉన్నారని, వాళ్ళు తేల్చుకుని చెబితే మళ్ళీ మొదలుపెడతానని అన్నాడు. లోపలికి వేరే మనిషిని పిలవమని తెరేసమ్మకి చెప్పాడు.

వరండాలో కొండలయ్య చుట్ట తీశాడు గానీ వెలిగించలేదు. గంగారత్నం అతని ఎదురుగా నిలబడింది. కాశీరావు మెట్ల దగ్గర ఉండిపోయాడు.

ఆమె అడిగింది ఒకటే. ఊరికి వెళ్ళి రేవులో అందరి ముందు, పెద్దబ్బాయి దెబ్బకి పన్ను విరగలేదని చెప్పాలి. పలికిన మాట వెనక్కి తీసుకునే పద్ధతి లేదు సరే. ఆ మాట పుట్టింది లేని గాయం మీద అని చెప్పడానికి అడ్డమేముంది?

కొండలయ్య కోప్పడలేదు. కాశీరావు గురించి చెప్పాడు. ఉన్న సంగతి దాచి ఇంకొకణ్ణి ఒడ్డున కూర్చోబెట్టినవాడు అంత కాలమూ తను కూర్చోవాలి. అదీ పద్ధతే. అంటే రెండేళ్ళు. అన్నదమ్ముల్లో ఒకడు ఎక్కితే ఒకడు దిగాలి. ఆ ఇంటికి ఒక మనిషి ఎప్పుడూ లోటే.

"ఉండనీ," అంది గంగారత్నం. "ఇన్నాళ్ళూ నా మొగుడు కాడూ ఆ లోటు?"

కొండలయ్య చుట్టని వేళ్ళ మధ్య తిప్పాడు. తరవాత మెట్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"అసలు సంగతి చెబుతాను విను అమ్మాయ్. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను తీర్పులు. చూడకుండా చెప్పాడు కొండలయ్య, పెదవి ఎత్తి చూడలేదు కొండలయ్య అని ఇవాళ అంటారు. రేపు, పోయినేడు మా వాణ్ణి కూర్చోబెట్టింది కూడా అంతేనేమో అంటారు. ఎల్లుండి ఎవడి తల వాడు పగలగొట్టుకుంటాడు. కూర్చోమనేవాడుండడు. నేను పోయాక తవ్వుకోండి. నేనుండగా వద్దు."

"మరి నాకేం దారి మావయ్యా?"

"లోపలికెళ్ళి పన్ను చేయించు. నేను చూస్తాను. మానింది అంటాను. ఈ పున్నమికి పెద్దబ్బాయి పడవెక్కుతాడు. ఆ మాట నాది. ఇంకో మాట నన్ను అడగొద్దు. డాక్టరు అన్నది నేను వినలేదు."

"పక్కనే ఉన్నావు."

"వీధిలో గోల. వినపడలేదు."

వీధిలో గోల ఉన్నమాట నిజమే. సైకిలు షాపువాడు చక్రానికి సుత్తితో కొడుతున్నాడు.

గంగారత్నం మళ్ళీ లోపలికి వెళ్ళింది. డాక్టరు ఒక ముసలామెని పంపించేసి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆమె అతన్ని రెండు అడిగింది. తమ ఊరు వచ్చి పెదవి మీద మచ్చ లేదన్న మాట చెబుతారా అని మొదటిది. కోర్టు రమ్మంటే వెళ్ళి చెబుతానని, ఊళ్ళ తగాదాల్లోకి రానని అతను మర్యాదగానే చెప్పాడు. పైగా తను చెప్పగలిగింది గాడి ఉందని, మచ్చ లేదని. ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టారో తన చదువులో లేదన్నాడు.

"మీరు కట్టాక ఆ గాడి కనపడుతుందా?" అని రెండోది.

"కనపడదమ్మా. అదీ కలిపే పూడుస్తాను. పక్క పన్నుది కూడా సరిచేస్తాను. లేకపోతే అదీ ఇలాగే పోతుంది."

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

రెండేళ్ళుగా రేవులో ఆడవాళ్ళు ఆమెకి తట్టలో చేపలు ఆఖరున వేస్తున్నారు. తమ్ముడి పళ్ళు రాలగొట్టినవాడి పెళ్ళాం అని ఎదురుగానే అంటున్నారు. ఒకసారి రావమ్మ అని ఒకావిడ, మీ ఇంట్లో అన్నం తినాలంటే మాకు పళ్ళు భయం అంది. అందరూ నవ్వారు. గంగారత్నం కూడా నవ్వింది, ఎందుకంటే అప్పుడు ఆమె కూడా ఆ దెబ్బ నిజమనే అనుకుంటోంది. మొగుడు చెయ్యి చేసుకున్నాడు, ఆ మాట పడాల్సిందే అనుకుంది. పెద్దబ్బాయి ఎప్పుడూ కాదనలేదు. హనుమాన్ జంక్షన్ వెళ్ళి చూసినప్పుడల్లా అతను తల దించుకుని అన్నం తినేవాడు. అది సిగ్గు అనుకుంది.

ఇప్పుడు పన్ను ఇలాగే ఉంచితే ఆమె దగ్గర ఒక గాడి ఉంటుంది. దాన్ని చూపించడానికి కాశీరావు నోరు తెరవాలి, కొండలయ్య చూడాలి, డాక్టరు చెప్పాలి. ముగ్గురిలో ఒక్కరూ ఆమె చేతిలో లేరు. పన్ను బాగుచేయిస్తే మొగుడు పున్నమికి పడవెక్కుతాడు. కొట్టినవాడిగా వెళ్ళినవాడు క్షమించినవాడి దయ మీద తిరిగి వస్తాడు. చచ్చేదాకా అంతే.

"చేసెయ్యండి బాబుగారూ," అంది.

కాశీరావు వచ్చి కూర్చున్నాడు. కూర్చునే ముందు ఆమెతో ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం తిప్పుకుంది. తెరేసమ్మ మళ్ళీ దూది కుక్కింది. ఇక అతను ఏమీ చెప్పడానికి లేకపోయింది.

మళ్ళీ రాసిన ఆసిడ్ కడిగి ఆరబెట్టాక పన్ను అంచు సున్నం పూసినట్టు తెల్లబడింది. అలా తెల్లబడితేనే పట్టుకుంటుందని డాక్టరు కొండలయ్యని పిలిచి చూపించాడు. రెండు డబ్బాల్లోంచి రెండు ముద్దలు చిన్న కాగితం మీదికి తీసి కలిపాడు. కలిపాక ఆగడానికి లేదు, రెండు నిమిషాల్లో రాయవుతుంది. సెల్యులాయిడ్ పట్టీ పన్ను వెనక నుంచి చుట్టి ముద్దని అందులోకి ఎక్కించి వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. కాగితం మీద మిగిలిన ముద్దని తెరేసమ్మ గోటితో గిల్లి చూసి, గట్టిపడిందని చెప్పింది. డాక్టరు పట్టీ లాగేశాడు. చిన్న గరుకు బిళ్ళలతో అంచు రుద్ది, పక్క పన్నుకి కొలత చూసి, మళ్ళీ రుద్దాడు. సూది గుచ్చలేదు. నెత్తురు రాలేదు.

అద్దం ఇస్తే కాశీరావు చూసుకోలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు.

కొండలయ్య దగ్గరికి వచ్చి, వంగి, కళ్ళు చికిలించి చూశాడు. వలలో ముడి బిగువు చూసినట్టు బొటనవేలి గోరు పన్ను మీద పైనుంచి కిందికి నడిపాడు. గోరు ఎక్కడా ఆగలేదు. ఈసారి పెదవి కూడా ఎత్తి చూశాడు. గంగారత్నం అది గమనించింది. ఎత్తిన పెదవిని అతను మెల్లగా వదిలేశాడు.

"మానింది," అన్నాడు.

రెండేళ్ళుగా ఆమె వినాలనుకున్న మాట అదే. విని, చెంగు సర్దుకుని, చెప్పుల కోసం గుమ్మం వైపు వెళ్ళింది.

బస్టాండుకి నడిచే వెళ్ళారు. కొండలయ్య ముందు, గంగారత్నం వెనక, కాశీరావు ఆ వెనక. దారిలో ఒక్కసారి కాశీరావు ఆమె పక్కకి వచ్చి, అన్నకి చెప్పే పని తనకి వదిలెయ్యమన్నాడు. ఆమె వద్దంది. ఇన్నాళ్ళూ చెప్పనివాడు ఇప్పుడు చెప్పడం దేనికంది.

గంగారత్నం ముందే పెట్టిన కబురు అందుకుని, హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన బస్సు పక్కన పెద్దబ్బాయి నిలబడి ఉన్నాడు. మనిషి ఒళ్ళు చేశాడు. కాళ్ళకి టైరు చెప్పులున్నాయి. రేవులో అతను చెప్పులు తొడగగా ఎవరూ చూడలేదు. కొండలయ్యకి దణ్ణం పెట్టాడు. కొండలయ్య కుశలం అడిగి, అవనిగడ్డ బస్సులో సీటు చూస్తానని వెళ్ళబోయాడు.

"మావయ్య మానిందన్నాడు," అంది గంగారత్నం. "పున్నమికి పడవెక్కు. ఇంకో సంగతి ఉంది, ఇంటికెళ్ళాక చెబుతాను."

పెద్దబ్బాయి ఆమెని దాటుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. కాశీరావు నోరు తెరిచాడు. అన్న చూశాడు. చాలాసేపు చూసి గడ్డం వదిలేశాడు.

"దారం కొరికి విరగ్గొట్టుకున్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నానుగదరా," అన్నాడు. "దీన్ని ఇలాగే ఉంచమని చెప్పానా లేదా?"

"వదిన ఊరుకోలేదు," అన్నాడు కాశీరావు.

గంగారత్నం ఇద్దరినీ చూసింది. నాలుగడుగులు వెళ్ళిన కొండలయ్య ఆగి వెనక్కి తిరిగాడు. అక్కడ గోల లేదు. ఈసారి వినపడలేదనడానికి అతనికి వీల్లేదు.

"నేను పడవెక్కను గంగా," అన్నాడు పెద్దబ్బాయి. "ఆ తెడ్డు ఎత్తింది కూడా ఒడ్డున కూర్చోవడానికే."